టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేములు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు క్యాంటీన్లో, చుట్టాల ఇళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో పదేపదే ఎదురయ్యే ప్రశ్నలివి. ప్రతిసారీ టైప్ చేసే ఓపిక లేక ఒకచోట రాసిపెట్టాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క. అభిప్రాయాలన్నీ నా సొంతం, ఒప్పుకోనివాళ్ళు నిరభ్యంతరంగా పోట్లాడొచ్చు.

టర్న్ బేస్డ్ అంటే ఏంటి? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కూడా ఇదేనా?

కాదు. టర్న్ బేస్డ్ అంటే వంతులవారీ ఆట. మీ వంతులో చేయాల్సినవన్నీ చేసి "ఎండ్ టర్న్" నొక్కుతారు. అప్పటిదాకా శత్రువు వేలు కూడా కదపడు. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తే లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి, అన్నం తిని, గిన్నెలు కడిగి వచ్చినా మీ సైన్యం వదిలిన చోటే నిలబడి ఉంటుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రియల్ టైమ్. అక్కడ మీరు గొర్రెల దగ్గర ఉన్నప్పుడే ఇవతల గుర్రాలొచ్చి ఊరిమీద పడతాయి. టోటల్ వార్ రెండూ కలిసిన రకం: రాజ్యం నడపడం వంతులవారీగా, యుద్ధం మాత్రం అప్పటికప్పుడు. యూరోపా యూనివర్సాలిస్ లాంటివి రియల్ టైమే, కాకపోతే ఎప్పుడు కావాలంటే అప్పుడు పాజ్ చేసి ఆలోచించుకోవచ్చు.

వంతులవారీ ఆటల్లో మళ్ళీ రెండు పెద్ద పాయలున్నాయి. మొదటిది సామ్రాజ్యాల పాయ. 1991లో వచ్చిన సిడ్ మయర్ సివిలైజేషన్ (అందరూ సివ్ అంటారు) దీనికి పెద్ద దిక్కు. ఊళ్ళు కట్టడం, విద్యలు నేర్వడం, పొరుగువాడితో సంధో యుద్ధమో తేల్చుకోవడం. ఈ రకాన్ని 4ఎక్స్ అంటారు. వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, తుడిచిపెట్టడం అనే నాలుగు పనుల (ఇంగ్లీషులో నాలుగింటిలోనూ 'ఎక్స్' వినిపిస్తుంది) మీద 1993లో అలన్ ఎమ్‌రిచ్ అనే విమర్శకుడు పెట్టిన పేరు అది. రెండోది దళాల పాయ: గుప్పెడు మనుషులు, ఒక చిన్న మైదానం, ప్రతి అడుగూ మీరే వేయించాలి. ఎక్స్‌కామ్, ఫైర్ ఎంబ్లెమ్, అడ్వాన్స్ వార్స్ ఈ పాయవి. 1999 నాటి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 ఈ రెండింటి మధ్య కూర్చుని ఇప్పటికీ జనం చేత ఆడించుకుంటోంది.

ఇంత నెమ్మదిగా ఉంటే నిద్ర రాదా?

ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి.

ఈ ఆటలు మీ చేతి వేగాన్ని లెక్కలోంచి తీసేశాయి. మిగిలింది నిర్ణయం ఒక్కటే. ఓడిపోయాక "పింగ్ ఎక్కువుంది", "మౌస్ పట్టేసింది" అనడానికి కుదరదు. నిద్ర రావడం రాకపోవడం ఆ నిర్ణయం ఎంత బరువైనదో దాన్నిబట్టి ఉంటుంది. నా కొలబద్ద ఒకటే: ఎండ్ టర్న్ నొక్కే ముందు చెయ్యి ఆగుతోందా లేదా? ఆగితే మంచి ఆట. టకటకా నొక్కుకుంటూ పోతున్నానంటే గ్రాఫిక్స్ ఎంత బాగున్నా అది గుమాస్తా పనే.

ఇన్‌టు ద బ్రీచ్ అని 2018లో వచ్చిన చిన్న గేమ్ ఉంది. ఎనిమిదికి ఎనిమిది గళ్ళ బోర్డు, మీ చేతిలో మూడు యంత్రాలు, నేలలోంచి లేచి నగరాల మీద పడే పురుగులు. ఏ పురుగు ఎవర్ని, ఏ వరసలో కొట్టబోతోందో గేమ్ ముందే చూపించేస్తుంది. దాచేది దాదాపు ఏమీ లేదు. అయినా చెయ్యి ఆగిపోతుంది.

ఒక టర్న్ చూద్దాం. ఫైర్‌ఫ్లై అనే పురుగు తన వరసలో ఎదురుగా ఉన్న బిల్డింగు మీద గురిపెట్టి కూర్చుంది. పక్క వరసలో, దానికి కాస్త ముందు, లీపర్ అనే ఇంకో పురుగు మరో బిల్డింగుని చీల్చబోతోంది. లీపర్‌కి మిగిలింది 1 ప్రాణమే, ఫైర్‌ఫ్లైకి ఎక్కువ. ఆ మూలకి అందేది మీ ఫిరంగి యంత్రం ఒక్కటే, దాని దెబ్బ 1 పాయింటు. లీపర్‌ని చంపితే ఫైర్‌ఫ్లై కాలుస్తుంది. ఫైర్‌ఫ్లైని కొడితే అది చావదు, పైగా లీపర్ మిగులుతుంది. చంపడం గురించే ఆలోచిస్తే ఈ టర్న్‌లో ఒక బిల్డింగు పోవడం ఖాయం.

కానీ ఫిరంగి గుండు తగిలిన పురుగు ఒక గడి అవతలికి జరుగుతుంది. ఫైర్‌ఫ్లైని పక్కనుంచి కొడితే అది లీపర్ ఉన్న వరసలోకి వెళ్ళి పడుతుంది. గురి దిశ మాత్రం మారదు. ఇప్పుడు దాని ఎదురుగా ఉన్నది బిల్డింగు కాదు, లీపర్ వీపు. శత్రువు వంతు రాగానే ఒక పురుగు ఇంకో పురుగుని కాల్చి పడేస్తుంది. ఒక్క గుండుతో రెండు బిల్డింగులూ నిలబడ్డాయి. అయితే వరస చూసుకోవాలి. ఫైర్‌ఫ్లై వంతు ముందుంటేనే ఇది పారుతుంది. లీపర్ వంతు ముందుంటే ప్లాన్ మొత్తం చెత్తబుట్టలోకే. ఈలోగా బోర్డు రెండో చివర నేల బీటలిచ్చింది, వచ్చే టర్న్‌లో అక్కడినుంచి ఇంకోటి లేస్తుంది. ఆ గడి మీద మీ యంత్రాన్ని నిలబెడితే అది 1 దెబ్బ తింటుంది గానీ పురుగుని పైకి రానివ్వదు. నిలబెడదామా, మానేద్దామా?

ఇదంతా తెర మీద ఏమీ కదలకుండానే జరుగుతుంది. నిద్ర ఎలా వస్తుంది?

ఎక్స్‌కామ్‌లో తూటా తగిలే అవకాశం 95 శాతం అని చూపించి మిస్ అయింది. ఇది మోసమేగా?

95 శాతం అంటే 20 తూటాలకి ఒకటి గాల్లోకి పోతుందని గేమ్ మీకు ముందే చెప్పినట్టు. అలాంటివి 14 కాలిస్తే కనీసం ఒక్కటైనా మిస్ అయ్యే అవకాశం సగానికి మించుతుంది. ఒక మిషన్‌లో 14 తూటాలు పెద్ద లెక్కేం కాదు. తగిలిన 13 మనకి గుర్తుండవు, పోయిన ఒక్కటే పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటాం.

మోసం జరిగే చోట అది మనకి అనుకూలంగానే జరుగుతుంది. 2012లో ఫిరాక్సిస్ అనే కంపెనీ మళ్ళీ తీసిన ఎక్స్‌కామ్‌లోనూ, 2016లో వచ్చిన రెండో భాగంలోనూ తేలిక స్థాయిల్లో ఆడేటప్పుడు వరసగా మిస్ అవుతుంటే గేమ్ లోలోపల మీ గురిని పెంచుతుంది. తెర మీద మాత్రం పాత అంకే కనిపిస్తుంది. ఫైర్ ఎంబ్లెమ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2002 నాటి భాగం నుంచి చాలాకాలం పాటు ఒక అంకె బదులు రెండు అంకెలు లాగి వాటి సగటు చూసేది. దానివల్ల తెర మీద 90 అని ఉంటే అసలు అవకాశం 98కి పైన, తెర మీద 10 ఉంటే అసలు 2 దగ్గర. మనిషి మనసు 90ని "ఖాయం" అనే చదువుకుంటుంది కాబట్టి లెక్కనే మనసుకి తగ్గట్టు వంచేశారన్నమాట. నాకిది నచ్చదు. అంకె చూపిస్తే నిజం చూపించాలి. ఆ సిరీస్ అభిమానులు మాత్రం దీన్ని వరంలా చూసుకుంటారు.

అదృష్టం ఉండటంలో తప్పు లేదు, అది ఎప్పుడు వచ్చి పడుతుందన్నదే ముఖ్యం. అష్టాచెమ్మాలో ముందు గవ్వలు పడతాయి, తర్వాత ఏ కాయ జరపాలో మీరు ఆలోచిస్తారు. ఎక్స్‌కామ్‌లో ముందు మీరు తేల్చుకుంటారు, తర్వాత గవ్వలు పడతాయి. ఒళ్ళు మండేది ఈ రెండో పద్ధతికే. మందు ఏంటంటే, మిస్ అయితే ఏంటి అనేదానికి జవాబు ఉన్నప్పుడే కాల్చండి. గ్రెనేడ్‌కి శాతం లేదు, పడిందంటే తగిలినట్టే, అడ్డుగా ఉన్న గోడ కూడా పోతుంది. కాబట్టి ముందు గ్రెనేడ్, తర్వాత తూటా. ఆఖరి సైనికుడి ఆఖరి తూటా మీద మిషన్ మొత్తం వేలాడుతోందంటే పొరపాటు అంతకు రెండు టర్న్‌ల ముందే జరిగిందని అర్థం.

కంప్యూటర్ తెలివైందా, లేక దొంగాటా?

సివిలైజేషన్ 6లో ఎనిమిది స్థాయిలున్నాయి. నాలుగోదైన ప్రిన్స్ దగ్గర మీరూ కంప్యూటరూ సమానం. అక్కణ్ణుంచి పైకి వెళ్ళేకొద్దీ దాని తెలివి పెరగదు, దానికిచ్చే కట్నం పెరుగుతుంది. అన్నిటికంటే పైదైన డీటీలో మీరు ఊళ్ళు కట్టే ఒక్క సెట్లర్‌తో మొదలెడితే అది ముగ్గురితో మొదలెడుతుంది. అంటే మీరు మొదటి ఊరు కట్టేటప్పటికే దానికి మూడు ఊళ్ళకి సరిపడా జనం ఉన్నారు. దీన్ని దొంగాట అనను, ఎందుకంటే మనకి చెప్పే చేస్తుంది.

చదరంగంలో 1997లోనే డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది, మరి వీళ్ళకేం రోగం అని మావాడొకడు అడిగాడు. చదరంగంలో ఒక ఎత్తుకి ఒక్క పావే కదులుతుంది, బోర్డంతా కనిపిస్తుంది, నియమాలు మారవు. సివ్‌లో ఒక టర్న్‌కి డజన్ల కొద్దీ యూనిట్లు కదులుతాయి, సగం మ్యాప్ చీకట్లో ఉంటుంది, ప్రతి అప్‌డేట్‌కీ నియమాలు మారతాయి. పైగా మీ ఇంటి ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో తేల్చాలి, లేకపోతే మీరే తిడతారు.

2010లో వచ్చిన సివ్ 5 నుంచి ఒక గడిలో ఒకే సైన్యం ఉండాలనే నియమం పెట్టారు. అంతకుముందు సివ్ 4లో ఒకే గడిలో ఎన్ని యూనిట్లయినా కుప్ప పోసేవాళ్ళం, ఆ కుప్పని నడిపించడం కంప్యూటర్‌కీ సులువే. కొత్త నియమం మనకి బాగుంది, దానికి నరకమైంది. ముందు నిలబడాల్సిన కత్తివాళ్ళు వెనకా, వెనకుండాల్సిన విలుకాళ్ళు ముందూ వచ్చి చిక్కుపడతారు. ఒక కనుమ దగ్గర ముగ్గురు విలుకాళ్ళని, ముందు ఒక గట్టి కాపలావాణ్ణి పెట్టుకుంటే దాని పెద్ద దండునంతా అక్కడే ఆపొచ్చు. అది తెలిసిపోయాక పై స్థాయిలు కూడా కొంచెం చప్పబడతాయన్నది నా ఫిర్యాదు.

మిస్ అయినప్పుడల్లా పాత సేవ్ లోడ్ చేయడం తప్పా?

మీ గేమ్, మీ ఇష్టం. పోలీసులేం రారు. ఎక్స్‌కామ్ మాత్రం దీన్ని ముందే ఊహించింది: మళ్ళీ లోడ్ చేసి అదే తూటా కాలిస్తే మళ్ళీ మిస్సే అవుతుంది. అదృష్టపు అంకెల్ని కూడా సేవ్‌లోనే దాస్తుంది కాబట్టి. ఏదైనా మారాలంటే మీరు వేరే ఎత్తు వేయాలి. నాకు తెలిసి ఇంతకంటే మర్యాదైన చెంపదెబ్బ లేదు.

కొత్తవాళ్ళు లోడ్ చేసుకుంటూ నేర్చుకోవడమే మేలు. కాస్త చేయి తిరిగాక ఒకసారి ఐరన్‌మ్యాన్ మోడ్ పెట్టి చూడండి. ఒకే సేవ్, వెనక్కి పోవడం లేదు. పేరు పెట్టి పెంచుకున్న సైనికుడు చనిపోతే చనిపోయినట్టే. అప్పుడు మళ్ళీ చెయ్యి ఆగడం మొదలవుతుంది.

సివ్‌లో గాంధీ అణుబాంబులు వేస్తాడట, నిజమేనా?

సగం నిజం, సగం పుకారు. ఇంటర్నెట్‌లో తిరిగే కథ ఇది: 1991 నాటి మొదటి గేమ్‌లో గాంధీ దూకుడు 1, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేస్తారు, కంప్యూటర్‌కి మైనస్ రాయడం చేతకాక అది 255 అయిపోయింది, శాంతిదూత రాక్షసుడయ్యాడు. వినడానికి భలే ఉంది. కానీ గేమ్ సృష్టికర్త సిడ్ మయరే 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి బగ్ ఏదీ లేదని తేల్చేశాడు. సివ్ 5లో మాత్రం గాంధీకి అణ్వాయుధాల మీద మోజుని కావాలనే 12కి పెట్టారు, మామూలుగా ఆ కొలత 10 దగ్గరే ఆగుతుంది. డిజైనర్ జాన్ షేఫర్ చేసిన హాస్యం అది. అంటే ముందు పుట్టింది నిజంగా జరిగిన హాస్యం, దానికి తాతముత్తాతల్ని తర్వాత ఎవరో కల్పించారు.

మీకు కోపం రాదా అని కూడా అడుగుతారు. మొదటిసారి నవ్వొచ్చింది, పదోసారికి విసుగొచ్చింది. వేల ఏళ్ళ చరిత్ర ఉన్న దేశానికి ముఖంగా సిరీస్ మొదటి భాగం నుంచి ఆరోదాకా ప్రతిసారీ గాంధీని పట్టుకు వేలాడారే అన్నది నా అసలు బాధ. 2018లో సివ్ 6 అదనపు భాగంలో చంద్రగుప్తుడు తోడొచ్చాడు. 2025లో వచ్చిన సివ్ 7లో అశోకుడున్నాడు, మౌర్యులు, చోళులు, మొఘలులు మూడు వేర్వేరు యుగాల్లో వస్తారు. శాతవాహనులకీ కాకతీయులకీ ఇంకా పిలుపు రాలేదు. యూరోపా యూనివర్సాలిస్ 4లో అయితే 1444 నవంబర్ 11న విజయనగరం గద్దె మీద కూర్చుని మొదలెట్టొచ్చు, ఉత్తరాన బహమనీలు, ఈశాన్యాన ఒడిశా గజపతులు. అది వంతులవారీ ఆట కాకపోయినా ఈ ఒక్క కారణానికి క్షమించేశాను.

వీటితో చరిత్ర వస్తుందా? పిల్లాడికి పరీక్షలు.

రాదు. పేర్లు వస్తాయి, ఆసక్తి పుడుతుంది, ఆ తర్వాత పుస్తకమే తెరవాలి. పైగా ఈ గేములు చరిత్రని ఒకే చూపుతో చూస్తాయి: ఖాళీ నేల ఉంది, వెళ్ళి ఆక్రమించు, ఎదురైనవాడు అనాగరికుడు. సివ్ 6లో క్రీ ఆదివాసీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ని పెట్టినప్పుడు, కెనడాలోని పౌండ్‌మేకర్ క్రీ నేషన్ వాళ్ళే అభ్యంతరం చెప్పారు. భూమి మీద, వనరుల మీద ఆధిపత్యం కోసం పోట్లాడటం మా లోకదృష్టి కాదు, మా నాయకుణ్ణి ఆ ఆటలో కూర్చోబెట్టకండి అన్నది వాళ్ళ వాదన. నాకు సబబుగానే తోచింది. అది చదివాక కూడా ఆడుతూనే ఉన్నాను, అది వేరే సంగతి.

మనకి ఇలాంటి ఆటలు ముందునుంచీ ఉన్నాయా?

చతురంగం సంగతి లోకానికంతా తెలుసు. నాకు ఎక్కువ ఇష్టమైంది పులి-మేక. ఊళ్ళలో పులిజూదం అని కూడా అంటారు. పాత గుళ్ళ మండపాల్లో నేలరాళ్ళ మీద ఆ గీతలు చెక్కి ఉంటాయి, ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు. పులి మేక మీంచి దూకి చంపుతుంది, మేకకి ఆ వీలు లేదు. అది చేయగలిగిందల్లా దారులు మూసేయడమే. మూడు పులులకీ కదలడానికి చోటు లేకపోతే మేకలు గెలిచినట్టు.

రెండు పక్షాలకీ వేర్వేరు బలగం, వేర్వేరు గెలుపు. ఇప్పటి గేముల్లో దీన్ని గొప్ప డిజైన్ అని ప్రచారం చేస్తారు. మేకల పక్షం ఆడటం ఇంకా రుచి. మొదట్లో ఒకటో రెండో పోతాయి, పోనివ్వాలి. ఎక్కడ పోనివ్వాలన్నదే ఆట.

ఎప్పుడూ ఓడిపోతూనే ఉన్నాను. ఏం చేయాలి?

వెనక్కి తగ్గడం నేర్చుకోండి. కొత్తగా ఆడేవాళ్ళలో నేను చూసే లోపం ఇదొక్కటే: ప్రతి టర్న్‌లో ప్రతి యూనిట్ చేతా ఎవరినో ఒకర్ని కొట్టించాలని చూస్తారు.

ఇది నేర్పడానికి బాటిల్ ఫర్ వెస్‌నాత్‌ని మించింది లేదు. 2003 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ గేమ్, పూర్తిగా ఉచితం. ఇందులో పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. మనుషులు పగలు 25 శాతం ఎక్కువ కొడతారు, రాత్రి 25 శాతం తక్కువ. ఓర్కులు (కథల్లోని రాక్షస జాతి) సరిగ్గా దానికి తలకిందులు. బల్లెంవాడి మామూలు దెబ్బ 7, ఓర్కు గ్రంట్ దెబ్బ 9. పగలు అవే 9, 7 అవుతాయి. రాత్రి 5, 11. అదే ఇద్దరు, అదే గడి, వెలుతురు ఒక్కటే తేడా.

కాబట్టి మునిమాపు అయ్యేసరికి ముందుకెళ్ళిన బల్లెంవాళ్ళని వెనక్కి లాగాలి. గ్రామాల్లో నిలబెట్టాలి, అక్కడైతే గాయాలూ మానతాయి, ఎదుటివాడి దెబ్బలూ తక్కువ తగులుతాయి. రాత్రంతా ఓర్కులు ఉరికి ఉరికి మీ వాకిట్లోకి, పచ్చిక బయల్లోకి వచ్చి నిలబడతాయి. తెల్లారింది. ఇప్పుడు కొట్టండి. గెలిచింది పొద్దున కొట్టినందుకు కాదు, నిన్న సాయంత్రం కొట్టనందుకు.

నా ల్యాప్‌టాప్ పాతది, డబ్బులు పెట్టను. ఏం ఆడొచ్చు?

చాలా. గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లకి ఇంతకంటే అనువైన జాతి లేదు. వెస్‌నాత్, ఫ్రీసివ్ ఉచితం, లైనక్స్ మీద కూడా నడుస్తాయి. ఇన్‌టు ద బ్రీచ్ డబ్బు పెట్టి కొనేదే గానీ ఎంత పాత మెషీన్ మీదైనా ఎగురుతుంది. సివ్ 5 మామూలు ల్యాప్‌టాప్ మోస్తుంది. సివ్ 6 మోస్తుంది గానీ పెద్ద మ్యాప్ మీద చివర్లో టర్న్ టర్న్‌కీ టీ తాగి రావొచ్చు.

ఫోన్లో అయితే పాలిటోపియా, 30 టర్న్‌లలో తేలిపోయే మోడ్ ఉంది, మెట్రోలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ చేరేలోపు ఒక ఆట నడుస్తుంది. సివ్ 5ని పోలిన అన్‌సివ్ ఆండ్రాయిడ్‌లో ఉచితం. బొమ్మలు సాదాసీదా, లోపల సరుకు గట్టిది.

కొనేవాళ్ళకి రెండు మాటలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్టు‌లో రూపాయల ధరలే ఉంటాయి, యూపీఐ పనిచేస్తుంది, పాత సివ్‌లు సేల్స్‌లో బాగా తగ్గుతాయి, ఆగండి. కొన్నాక 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. సివ్‌కి రెండు గంటలంటే కుండలు చేయడం కనిపెట్టేసరికే అయిపోతాయనుకోండి. ఇంకో మాట, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేయకండి. ఐటీ టీమ్‌కి అన్నీ కనిపిస్తాయి.

తెలుగులో ఉన్నాయా?

నేను ఆడినవాటిలో తెలుగు తెర ఉన్నది ఒక్కటీ లేదు. ఇంగ్లీషు చదవడం తప్పదు, మాటలూ ఎక్కువే. ఇంటర్ చదివే పిల్లలకి ఇబ్బంది ఉండదు.

"ఇంకొక్క టర్న్" అంటూ తెల్లారిపోతోంది. ఆపడం ఎలా?

సివ్ మీద ఈ మాట ఎంత పాతుకుపోయిందంటే, గెలిచాక కూడా "ఇంకొక్క టర్న్" అనే బటన్ పెట్టారు వాళ్ళే. ఎందుకు ఆగలేమో చూస్తే పెద్ద మాయేం లేదు. ఏ టర్న్‌లోనూ పనులన్నీ ఒకేసారి పూర్తవవు. గుడి రెండు టర్న్‌లలో, ఓడ మూడింటిలో, కొత్త విద్య ఐదింటిలో. గుడి అయ్యేసరికి ఓడకి ఒక్కటే మిగిలి ఉంటుంది. లేచి వెళ్ళడానికి తగిన చోటు అనేదే రాకుండా అల్లారు.

అలారం పెట్టుకోవడం పనిచేయదు, కట్టేస్తాం. నాకు పనిచేసింది ఒకటే: సైన్యాన్ని సరిగ్గా యుద్ధం మొదలయ్యే ముందు ఆపి సేవ్ చేయడం. యుద్ధం మధ్యలో ఆపడం కష్టం, గెలిచాక ఆపడం ఇంకా కష్టం. రేపు ఏం చేయాలో ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకుంటే మనసు ఊరుకుంటుంది. దళాల ఆటలకి ఈ బెడద తక్కువ, మిషన్ అయిపోతే అయిపోయినట్టే. మర్నాడు ఆఫీసు ఉన్న రాత్రుల్లో నేను సివ్ జోలికి పోను.

సివ్ మొదలుపెడతాను గానీ ఎప్పుడూ చివరిదాకా ఆడలేను. నాలోనే లోపమా?

లేదు, గేమ్‌లోనే ఉంది. మొదటి 100 టర్న్‌లలో ప్రతిదీ బరువైన నిర్ణయం. ఊరు నది పక్కనా, కొండ పక్కనా? ముందు సెట్లరా, విలుకాడా? ఒక్కటి తప్పితే ఆ ప్రభావం చివరిదాకా ఉంటుంది. మామూలు వేగంలో సివ్ 6 ఆట 500 టర్న్‌లు. 250 దాటేసరికి ఎవరు గెలుస్తారో మీకు తెలిసిపోతుంది, కానీ ఇరవై ఊళ్ళకీ ఏం కట్టాలో చెబుతూనే ఉండాలి. వర్తక బండ్లని పంపుతూనే ఉండాలి, గూఢచారుల్ని తిప్పుతూనే ఉండాలి. వీటిలో దేన్ని తప్పుగా చేసినా ఏమీ కాదు. చెయ్యి ఆగడం మానేసింది.

నేనైతే అక్కడే మూసేసి కొత్త ఆట మొదలెడతాను. ట్రోఫీ బొమ్మ కోసం వంద టర్న్‌లు నొక్కడానికి నాకు తీరిక లేదు. పూర్తి చేయాలనే పట్టుదల ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ అనే ఆట వేగం పెట్టుకోండి, 250 టర్న్‌లలో ముగుస్తుంది, మ్యాప్ చిన్నది తీసుకోండి.

సివ్ 7 ఈ జబ్బుకి మందు వేయాలనే ఆటని మూడు యుగాలుగా కోసింది. 2025లో వచ్చినప్పుడు యుగం మారినప్పుడల్లా జాతి మారేది, పందెం మళ్ళీ మొదటికొచ్చేది. మౌర్యులుగా మొదలెట్టి చోళులుగా ఓడలు నడపొచ్చు. పాత అభిమానులు చాలామంది తిట్టారు. పెంచిన చెట్టుని నరికేసినట్టుందన్నారు. రోగం గుర్తించడం సరైనదే, మందు మోతాదు ఎక్కువైందని నా తీర్పు.

ఒక్కణ్ణే ఆడాలా? స్నేహితులతో కుదరదా?

కుదురుతుంది, దూరం ఉన్నవాళ్ళతో ఇంకా బాగా కుదురుతుంది. మా పెదనాన్నగారబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఇద్దరం ఒకేసారి కూర్చుని ఏదైనా ఆడాలంటే ఒకరి నిద్ర పాడవాల్సిందే. సివ్ 6లో ప్లే బై క్లౌడ్ అని ఉంది. వాడు తన వంతు ఆడి నిద్రపోతాడు, నేను నా వంతు సాయంత్రం ఆడి పంపిస్తా. ఒక్కో ఆట నెలల తరబడి నడుస్తుంది. "అన్నయ్యా, సరిహద్దులో ఆ గుర్రాలెందుకు?" అని వాడి మెసేజ్ వస్తే, "ఊరికే రా, మేతకి" అని నేను. ఇంట్లోవాళ్ళ యోగక్షేమాలు ఎప్పుడూ ఆ తర్వాతే వస్తాయి.

ఒకే గదిలో ఉన్నవాళ్ళకి హీరోస్ 3 హాట్‌సీట్ చాలు. ఒక కంప్యూటర్, ఒక మౌస్, వంతు కాని వాడు తల తిప్పుకోవాలి. తిప్పుకోడు.

ఇంట్లో "ఆన్‌లైన్ గేములంటే జూదమే" అంటున్నారు. ఏం చెప్పను?

పెద్దవాళ్ళ భయం ఊరికే పుట్టలేదు. డబ్బు పెట్టి ఆడే యాప్‌ల వల్ల కుటుంబాలు గుల్లయిన వార్తలు రోజూ చదివాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి వాటిని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ గేములన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మనం మాట్లాడుకుంటున్నవి వాటి కోవలోకి రావు. ఒకసారి కొంటారు, ఆడుకుంటారు, గెలిస్తే రూపాయి రాదు, ఓడితే పోదు.

వాదించే బదులు నాన్నగార్ని పక్కన కూర్చోబెట్టుకుని వెస్‌నాత్ ఒక అరగంట ఆడండి. చదరంగం తెలిసిన పెద్దవాళ్ళయితే పది నిమిషాల్లో "ఆ గుర్రాన్ని అటు తిప్పరా" అంటారు. ఫోన్లో ఉండే ఉచిత గేముల్లో మాత్రం జాగ్రత్త. వంతులవారీ ముసుగేసుకుని లోపల, ఏం వస్తుందో ముందే తెలియని బొమ్మల పెట్టెలు అమ్మేవి చాలా ఉన్నాయి, అవి జేబుకి చిల్లు పెడతాయి.

ఇవి ఆడితే మెదడు పదునెక్కుతుందా?

ఈ గేములు ఆడితే ఈ గేముల్లో పదునెక్కుతారు. అంతకుమించి నేను హామీ ఇవ్వను.

ఈ ఆదివారం ఖాళీ. దేంతో మొదలెట్టను?

మీ స్వభావాన్నిబట్టి. పజిళ్ళు ఇష్టమైతే ఇన్‌టు ద బ్రీచ్, ఈజీలో పెట్టండి, మొదటి దీవి పూర్తి చేసి లేవండి. కథా మనుషులూ కావాలంటే ఎక్స్‌కామ్ 2, కానీ మొదటి రెండు మిషన్లలో సగం దళం పోతుందని ముందే చెబుతున్నా. నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకునే గేమ్ మెషీన్) ఉంటే ఫైర్ ఎంబ్లెమ్ త్రీ హౌసెస్. డబ్బు పెట్టకుండా చూడాలంటే వెస్‌నాత్ ట్యుటోరియల్, దాని తర్వాత ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్ అనే చిన్న క్యాంపెయిన్ (వరస మిషన్ల కథ).

సివ్ మాత్రం ఆదివారం మొదలెట్టకండి. సోమవారం సెలవు ఉన్న వారం చూసుకుని, శనివారం పొద్దున్నే మొదలెట్టండి. చిన్న మ్యాప్, నలుగురు ప్రత్యర్థులు, ప్రిన్స్ స్థాయి, మొదటి ఊరు నది పక్కన.